కరెంటు పోయినా ఆగని మోటారు

2020 అక్టోబరు 13వ తేదీ వాన మీ ఇంట్లో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. హయత్‌నగర్ ప్రాంతంలో ఒక్క రోజులో దాదాపు 30 సెంటీమీటర్ల వర్షం పడింది. ఎల్.బి.నగర్ వైపున, సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల ఎన్నో కాలనీలు నీట మునిగాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మేముండే అపార్టుమెంటు సెల్లారులోకీ నీరు చేరింది. తోడిపోయడానికి మోటారు ఉంది. కాని కరెంటు లేదు! సెల్లారు గదిలో నిద్రపోతున్న వాచ్‌మన్ దంపతులు పిల్లలను ఎత్తుకొని పైకి పరుగెత్తారు.

పెద్ద వానలోనే కరెంటు ఎందుకు పోతుంది? నీట మునిగిన చోట ఎవరికీ షాక్ తగలకూడదని సరఫరాను కావాలనే ఆపుతారు. అంటే అవసరమైన వేళకే మోటారు ఆగిపోతుందన్నమాట! అందుకే బ్యాటరీ, ఇన్వర్టరు కావాలి. బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ విద్యుత్తు. దాన్ని ఇన్వర్టరు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చి మోటారుకు ఇస్తుంది.

ఎంతసేపు నడుస్తుంది? లెక్క వేద్దాం. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఉండే శక్తి 12 × 150 = 1800 వాట్-గంటలు. మోటారుకు 500 వాట్లు కావాలి. ఇన్వర్టరులో కొంత వృథా అవుతుంది కనుక బ్యాటరీ 600 వాట్లు ఇవ్వాలి. 1800ను 600తో భాగిస్తే 3 గంటలు.

తొందరపడకండి! 150 అనే అంకె 7.5 ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా 20 గంటలు వాడినప్పటిది. మన మోటారుకోసం 50 ఆంపియర్లు లాగాలి. అంత వేగంగా లాగితే సీసపు పలకల లోపలికి ఆమ్లం చేరేలోగానే వోల్టేజి పడిపోతుంది. పైగా బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే పలకలు పాడవుతాయి. కాబట్టి గంటన్నర అనుకోవడమే మేలు.

అది చాలునా? 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల సెల్లారులో 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే 20,000 లీటర్లు. నిమిషానికి 200 లీటర్లు తోడే మోటారుకు 100 నిమిషాలు పడుతుంది. బ్యాటరీ 90 నిమిషాలకే అలిసిపోతుంది!

ఉపాయం ఏమిటి? నీరు నిలిచేదాకా ఆగకూడదు. సెల్లారు మూల గుంటలో తేలే స్విచ్ పెడితే, గుంట నిండగానే మోటారు తిరుగుతుంది. ఖాళీ కాగానే ఆగుతుంది. నిమిషానికి 20 లీటర్లు ఊరితే పది నిమిషాలకు ఒక్క నిమిషం తిరిగితే చాలు. అదే బ్యాటరీ రాత్రంతా వస్తుంది.

అయితే మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. లైట్లు, ఫ్యాన్ల కోసం కొన్న చిన్న ఇన్వర్టరు దానికి తట్టుకోలేదు. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక బ్యాటరీని గాలి ఆడే చోట, అదీ పై అంతస్తులో ఉంచాలి. సెల్లారులో ఉంచితే ముందు మునిగేది అదే!

ఒక్క మాట. రోడ్డు మీది వరదే లోపలికి దూకితే ఏ బ్యాటరీ ఆపలేదు. అప్పుడు మనుషులు పైకి రావడమే దారి. నీరు నిలిచిన సెల్లారులో ఎన్నడూ కాలు పెట్టకండి. ఇన్వర్టరు ఇచ్చే 230 వోల్టులూ ప్రాణం తీయగలవు.

మృగశిర కార్తె రాకముందే, మీ సెల్లారులో మోటారుకు బ్యాటరీ ఉందో లేదో పెద్దలను అడగండి. ఆ గదిలో ఎవరు నిద్రపోతారో కూడా తెలుసుకోండి.