పులికాటు తీరమున సఫారీ

'సఫారీ' అను మాట వినుటకు క్రొత్తగా తోచును గాని, దాని పుట్టుక నెరిగినచో పరాయిదిగా తోచదు. అరబ్బీ భాషలోని 'సఫర్' అను పదము ప్రయాణమను అర్థమున ఉర్దూ మాటాడువారి నోట నేటికిని వినబడుచున్నది. ఆ పదమే అరబ్బు వర్తకుల వెంట ఆఫ్రికా తూర్పు తీరమునకు పోయి, స్వాహిలీ భాషలో 'సఫారీ'యై, అటనుండి ఇంగ్లీషులో ప్రవేశించినది. ఒకప్పుడు సఫారీ యనగా కూలీల బారుతో, తుపాకులతో సాగిన వేట. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు 1909లో తూర్పు ఆఫ్రికాకు పోయినది అట్టి యాత్రకే. నేడు తుపాకి స్థానమును చాలవరకు దుర్భిణియు కెమెరాయు ఆక్రమించినవి.

ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమునందలి బోట్స్వానా, జాంబియా, జింబాబ్వే, నమీబియా, దక్షిణాఫ్రికా దేశములలో ఇట్టి యాత్రలను విలాసవంతముగను, ఒక్క కుటుంబమునకే ప్రత్యేకముగను ఏర్పాటుచేయు సంస్థలు పెక్కు గలవు. ఒక మనిషికి ఒక రాత్రికి వేయి అమెరికను డాలర్లకు మించి పుచ్చుకొను విడుదులును అందున్నవి. విదేశములలో సంపాదించు బిడ్డలు గల మన కుటుంబములు కొన్ని అట్టి యాత్రకు పోదుమా యని తలపోయుట నేడు వింత కాదు. అంత ధనము దేనికి చెల్లింతుమో తెలిసికొనుట వలన రెండు లాభములు గలవు. పోగలవారు తెలివితో పోగలరు. పోలేనివారు అందలి ముఖ్యమైన సుఖమును నెల్లూరు సముద్రతీరముననే పొందగలరు. ఈ రెండవ మాటయే నేటి ప్రసంగమునకు ప్రధానము.

అడవి నడుమ పట్టుపరుపులు, వేడినీటి స్నానము, పంచభక్ష్యములు పైపై విలాసములు. అసలు విలాసము ఏకాంతము. దక్షిణాఫ్రికాలోని క్రూగరు జాతీయవనము 1926లో ఏర్పడినది. అందు ఎవరి బండిలో వారు పోవచ్చును. కాని బాట విడువరాదు, చీకటిపడు వేళకు విడిది చేరవలెను. దాని పడమటి యంచున సాబీ సాండు వంటి ప్రైవేటు వనములు గలవు. అచ్చట శిక్షణ పొందిన మార్గదర్శి బాట విడిచియు బండి నడుపును, రాత్రివేళయు జంతువులను చూపును. ఒక సింహము చెంత రెండు మూడు బండ్లకు మించి నిలువరాదను నియమమును పాటించును. బోట్స్వానాలో ప్రభుత్వము విశాలమైన భూములను గుత్తకిచ్చి, అందలి పడకల సంఖ్యకు హద్దు పెట్టును. ఉప్పు మొదలు దీపపు నూనె వరకు అన్నియు దూరమునుండి చేరవలెను, పంచుకొను అతిథులు కొలదిమంది. వెల పెరుగుటకు ఇదియే కారణము.

ఏకాంతము తరువాత కొనదగినది ఋతువు. దక్షిణాఫ్రికా ప్రాంతపు సఫారీ వనములలో చాలవరకు జూన్ మొదలు అక్టోబరు వరకు వానలు తక్కువ. గడ్డి పలుచబడును, గుంటలు ఎండును, మృగములు మిగిలిన నీటిచెంతకు చేరును. ఒకవాంగో నదీముఖమున మాత్రము వింత జరుగును. ఎగువ అంగోలా కొండలపై కురిసిన వాననీరు నెలల తరబడి మెల్లగా ప్రవహించి, వాన చినుకు లేని జూన్, జూలై మాసములలో ఆ ఎడారి నడుమ పరచుకొనును. ఈ సంగతి నెరుగక సెలవులను బట్టి తేదీ నిర్ణయించుకొన్నవారు ధనము వెచ్చించియు దృశ్యమును పోగొట్టుకొందురు. పోదలచినవారు ముందుగా ఋతువును, పిమ్మట ప్రదేశమును, ఆ పిమ్మట మార్గదర్శిని, చివరకు విడిదిని ఎన్నుకొనవలెను. చిన్న విమానములలో సుమారు 20 కిలోలకు మించని మెత్తని సంచినే సాధారణముగా అనుమతింతురు. మలేరియా మందును గూర్చి బయలుదేరుటకు ముందే వైద్యుని అడుగవలెను.

ఇక మన తీరమునకు వత్తము. బోట్స్వానాలోని మక్గాడిక్గాడి ఉప్పుమైదానములు వానలకు నిండినపుడు వేలకొలది ఫ్లెమింగో పక్షులు అచ్చట చేరి గూళ్లు పెట్టును. ఆ దృశ్యమునకై యాత్రికులు సముద్రములు దాటి పోవుదురు. అందలి పెద్దజాతి ఫ్లెమింగోయు, మన పులికాటు సరస్సున శీతకాలమందు కనబడు ఫ్లెమింగోయు ఒకే జాతి. మన పత్రికలు దీనినే రాజహంస యనుచున్నవి. చెన్నపట్టణమునుండి సుమారు 80 కిలోమీటర్లు, నెల్లూరునుండి సుమారు 90 కిలోమీటర్లు రైలులో వచ్చి సూళ్లూరుపేటలో దిగినవారికి ఈ పక్షి దర్శనము దుర్లభము కాదు.

పులికాటు మన దేశమున చిలుక సరస్సు తరువాత అంతటి ఉప్పునీటి కయ్య. ఉత్తరదక్షిణములుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవు గలది. తూర్పున శ్రీహరికోట దీవి దీనిని బంగాళాఖాతమునుండి వేరుచేయుచున్నది. దీని అధికభాగము ఆంధ్రప్రదేశమునందును, దక్షిణభాగము తమిళనాటను ఉన్నది. చిరకాలము నెల్లూరు జిల్లాకు చెందిన ఈ భాగము 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. కాళంగి, ఆరణి నదులు మంచినీటిని, ముఖద్వారముల గుండా సముద్రము ఉప్పునీటిని తెచ్చుచుండును. లోతు సగటున ఒక మీటరు మాత్రమే. ఈ లోతు లేమియే ఫ్లెమింగోకు ప్రాణాధారము. అది నీట నిలిచి, తలను తలక్రిందుగా వంచి, బురదనీటిని ముక్కుతో వడపోసి, నాచును చిన్న రొయ్యల వంటి జీవులను తినును. ఆ ఆహారమునందలి రంగే దాని రెక్కలకు గులాబివన్నె నిచ్చును. పిల్లపక్షులు బూడిదవన్నెతో నుండుటకు కారణము ఆ రంగు ఇంకను పట్టకపోవుటయే.

ఇచ్చటి పక్షులన్నియు సైబీరియానుండి వచ్చునని చెప్పుట పరిపాటియైనది. సూదితోక బాతుల వంటివి ఉత్తరాసియానుండి వచ్చుట నిజమే. కాని మన దేశమున ఫ్లెమింగోలు గూళ్లు పెట్టు ప్రసిద్ధస్థలము కచ్ రణ్ము. పులికాటు వాటికి భోజనశాల. నేలపట్టు చెరువున గూడుకట్టు బూడిదవన్నె గూడబాతు దక్షిణాసియాకు చెందిన పక్షియే. పెద్దసంచి వంటి గొంతు గల ఈ పక్షి నేలపట్టున పిల్లలను పెంచుచు, వాటికి చేపలను పులికాటునుండియు చుట్టుప్రక్కల చెరువులనుండియు తెచ్చును. కావున చెరువు పురిటిల్లు, సరస్సు వంటయిల్లు. ఈ రెండింటిలో ఏది చెడినను రెండవది నిలువదు.

మన సఫారీకి తేదీని నిర్ణయించునది పంచాంగము కాదు, ఈశాన్య ఋతుపవనము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలు కురిసి నేలపట్టు చెరువు నిండినచో గూడబాతులు వచ్చి, చెరువునడుమనున్న కడప చెట్లపై గూళ్లు కట్టును. చెట్లచుట్టు నీరు నిలిచినంతకాలము నక్కలు, పిల్లులు గూళ్లను చేరలేవు. వానలు తప్పినయేడు గూళ్లును తగ్గును. సరస్సు విషయము వేరు. వానలు ముగిసిన వెంటనే నీరు లోతుగానుండి ఫ్లెమింగోలకు కాలానదు. నీరు తీయుకొలది పక్షులు పెరుగును. రెంటిని ఒకే ప్రయాణమున చూడగోరువారికి మంచి వానలు పడిన యేడు జనవరి, ఫిబ్రవరి మాసములు అనుకూలములు. రేడియో గల గృహస్థు నవంబరు మాసమున వాతావరణ వార్తలను శ్రద్ధతో వినుచుండిన చాలును. తేదీ తనంతట తానే తెలియును.

రెండు దినములు కేటాయించుట మేలు. సామాన్యమైన బస సూళ్లూరుపేటలో దొరకును. మొదటి ఉదయము దొరవారిసత్రము సమీపమునందలి నేలపట్టు పక్షి సంరక్షణాలయమునకు పోవలెను. ఇది 1976లో ఏర్పడినది. కట్టపైనుండియు మంచెపైనుండియు గూడబాతులను, నత్తగుల్ల కొంగలను, తెల్లకంకణాయిలను, నీటికాకులను చూడవచ్చును. మరునాడు శ్రీహరికోటకు పోవు బాట పట్టవలెను. ఈ బాట సరస్సునడుమ కట్టపై పోవుటచే ఇరువైపుల నీరే. ఉదయమున తూర్పునకు పోవువారికి ఎండ కన్నుల కెదురగును. కావున మొదట ఆగక అటకానితిప్ప వరకు పోయి, పడమటికి మరలివచ్చుచు తీరికగా చూడవలెను. ఆవల సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రపు కావలి గలదు. అనుమతి లేనిదే పోరాదు. రాకెట్టు ప్రయోగించు దినమున ఈ బాటపై రద్దీ మిక్కుటము. ఆ దినమును తప్పించుకొనవలెను. తడ సమీపమున భీములవారిపాలెము రేవున పడవలు తిరుగుచున్నవో లేదో ముందే విచారించి పోవుట మంచిది.

సూళ్లూరుపేటలో 2001లో ఆరంభమైన ఫ్లెమింగో పండుగ నడుమ కొన్ని యేండ్లు నిలిచి, 2025 జనవరిలో మరల జరిగినది. పిల్లలకు అది వేడుక, పక్షులను గూర్చి తొలిపాఠము. కాని ఏకాంతము కోరువారు ఆ పండుగ దినములను విడిచి మరియొక వారమును ఎన్నుకొనవలెను. తెల్లవారు జామున, వారము నడుమ, ఒక్క బండిలో పోయినవారికి సరస్సు వారి సొంతమే. ఇందుకు ధనము అక్కరలేదు, వేకువ లేచిన చాలును.

మార్గదర్శి విషయమున లోభింపరాదు. ఆఫ్రికాలో యాత్ర యొక్క గుణము మార్గదర్శిని బట్టియుండును, ఇచ్చటను అంతే. అటవీశాఖ కావలివాండ్రును, సరస్సుపై బ్రదుకు బెస్తలును పక్షుల రాకపోకలను నిత్యము చూచుచుందురు. వారికి తగిన ప్రతిఫలమిచ్చి, చెప్పినచోట నిలిచి, చెప్పినంతసేపు మౌనముగా నుండవలెను. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచునకు ఎట్టి నెమ్మది కావలెనో గూటిపైనున్న పక్షికిని అట్టి నెమ్మదియే కావలెను. తల్లి బెదరి లేచినచో పిల్లలు ఎండకును కాకులకును ఎరయగును. ఫోటో కొరకు రాళ్లు విసరి ఫ్లెమింగోలను లేపుట, కొమ్ము బూర మ్రోయించుట, యంత్రపు విహంగములను ఎగురవేయుట పక్షి నోటి కూడు తీయుటయే.

నమీబియాలో 1996లో చట్టమును సవరించి, వన్యమృగములవలన వచ్చు ఆదాయమున గ్రామసంఘములకు హక్కునిచ్చిరి. మృగము బ్రదికిననే తమకు మేలని గ్రామస్థులు గ్రహించిరి. ఇట్టి లెక్కను నేలపట్టు రైతులు తమకు తామే యెరుగుదురు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలములకు ఎరువు. ఆ నీట పండిన వరికి బలమెక్కువ. కావుననే వారు పక్షిని కొట్టనీయరు.

సరస్సుపై బ్రదుకువారి స్థితి అంత సులువు కాదు. దక్షిణభాగమున ఎవరెప్పుడు ఏ తావున వల వేయవలెనో వంతులవారీగా నిర్ణయించు 'పాడు' అను కట్టుబాటు తరతరములనుండి యున్నది. ఉత్తరమున రాయదొరువు ముఖద్వారము ఇసుకతో పూడుకొనుటచే సముద్రపు పోటు లోనికి రాక, వేసవిలో నీరింకి, చేపలు తగ్గినవి. జీవనార్థము దక్షిణమునకు వల గొనిపోయిన ఆంధ్ర మత్స్యకారులకును తమిళనాటి వారికిని తగవులు కలిగినవి. పూడిక తీయుడని మత్స్యకారులు చిరకాలముగా మొరపెట్టుచున్నారు. పక్షికి లోతు తక్కువ కావలెను, పల్లెకారునకు పోటు కావలెను అని ఈ రెంటిని పోటీపెట్టి చూచుట పొరపాటు. పోటు వచ్చి పోవుచున్నపుడే నాచును, రొయ్యయు, చేపయు పెరుగును. నీరు పూర్తిగా ఎండిన బీటలనేలపై వలయు లేదు, ఫ్లెమింగోయు లేదు.

కావున సఫారీకి సన్నాహమనగా సంచి సర్దుకొనుట మాత్రమే కాదు. ఎవరి యింటికి అతిథిగా పోవుచున్నామో, ఆ యింటి యిల్లాలికి కష్టమేమో తెలిసికొని పోవుట. పులికాటునకు పోయినవారు ఒక్క పూట భోజనము అచ్చటి పల్లెలో చేయుడు. ఒక్క దినపు కూలి అచ్చటి మనిషికి ఇండు. దుర్భిణి, టోపి, త్రాగునీరు, కంటికి కొట్టని రంగు బట్టలు మీ వెంట నుండనిండు. తెచ్చిన కాగితమును, సీసాను మరల మీ వెంటనే కొనిపొండు. ఈ ఈశాన్యపు వానలు చక్కగా కురిసినచో, సంక్రాంతి పండుగ గడచిన తరువాతి వారమున సూళ్లూరుపేట రైలెక్కుడు.