శీతలనగరమున కంచె

కంచె యనగానే మన దృష్టి పైకి కనబడు పలకలమీదికి పోవును. కఱ్ఱ మంచిదా, రంగు నిలుచునా, ఎత్తెంత యని విచారింతుము. కాని అమెరికాలోని మినియాపొలిస్ వంటి శీతలనగరమున ఇంటికి కంచె కట్టింపదలచిన గృహస్థుడు ముందుగా నేలలోపలి సంగతి విచారింపవలెను. అచ్చటి వ్యయమునకు మూలము భూమిలోనే యున్నది.

ఆ నగరమున జనవరి మాసపు సగటు శీతలత సున్నకు దిగువ సెంటిగ్రేడు 9 డిగ్రీల ప్రాంతమున నుండును. చలి దిగినకొలది నేలలోని తేమ గడ్డకట్టును. నీరు మంచైనపుడు నూటికి 9 పాళ్లు పెరుగుననుట నిజమే. కాని నేల ఉబ్బుటకు అదియే ప్రధానకారణము కాదు. అడుగుననున్న నీరు గడ్డకట్టుచున్న పొరవైపునకు ప్రాకి, మంచుపొరలుగా పేరుకొని, మన్నును పైకి లేపును. అమెరికా భూశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ టేబర్ 1930 ప్రాంతమున దీనిని ప్రయోగపూర్వకముగా చూపెను. గడ్డకట్టునపుడు పెరుగుటకు మారుగా కుంచించుకొనిపోవు బెంజీనుతో తడిపిన మన్ను సైతము పైకి లేచెను!

ఇట్లు లేచు మన్ను స్తంభపు ప్రక్కలను పట్టుకొని దానిని పైకి లాగును. క్రింద ఏర్పడిన ఖాళీలోనికి మన్ను జారి చేరును గనుక, వసంతమున మంచు కరగినను స్తంభము పూర్తిగా స్వస్థానమునకు దిగదు. ఏటేట ఇట్లు జరుగగా కంచె ఒరగును, తలుపు మూతపడదు.

కావున స్తంభపు మొదలు మంచు దిగు లోతునకు క్రిందుగా నుండవలెను. మిన్నెసోటా రాష్ట్రపు కట్టడ నిబంధనలు పునాదుల లోతును ఉత్తర మండలమునకు 60 అంగుళములుగను, మినియాపొలిస్ చేరిన రెండవ మండలమునకు 42 అంగుళములుగను నిర్ణయించినవి. కంచెకును ఇదియే మంచి ప్రమాణము.

ఇక లెక్క చూతము. 100 అడుగుల కంచెకు 8 అడుగుల యెడముతో 14 స్తంభములు కావలయును. 2 అడుగుల గోయి చాలిన దేశమున, 6 అడుగుల యెత్తు కంచెకు 8 అడుగుల స్తంభము సరిపోవును. ఇచ్చటనో తొమ్మిదిన్నర అడుగులు కావలసియుండును గనుక 10 అడుగుల కఱ్ఱ కొనవలెను. గోతికి అడుగున్నర చొప్పున త్రవ్వకము మొత్తముమీద 21 అడుగులు పెరుగును. కాంక్రీటు ముప్పాతిక వంతు అధికమగును. చలికాలమున నేల ఱాయివలె బిగియును గనుక అప్పటి త్రవ్వకమునకు కూలియు హెచ్చే.

త్రవ్వుటకు ముందు 811 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో భూమిలోని గ్యాసు గొట్టములు, విద్యుత్తీగెలు పోవు దారిని గుర్తువేసి చూపుదురు. ఇందుకు గృహస్థుడు రుసుము చెల్లింపనక్కరలేదు.

ఇద్దరు గుత్తదారులు చెప్పిన వెలలలో తక్కువదానిని చూచి సంతోషించుటకు ముందు, గోయి లోతెంతయని అడుగవలెను. వెల తగ్గింపదలచినవానికి లోతు తగ్గించుటకంటె సులువైన మార్గము లేదు. కాంక్రీటు పోసిన పిమ్మట దానిని కనిపెట్టువారును లేరు. రెండు మూడు శీతకాలములు గడచి కంచె ఒరగినపుడు ఆ మిగులు మాయమై, స్తంభములను పెకలించు ఖర్చుకూడ మీద పడును.

కావున లోతును ఒడంబడికలో వ్రాయించుకొనుడు. కాంక్రీటు పోయు దినమున ఇంటనే యుండి, ప్రతి గోతిలోను కొలబద్ద దింపి చూచుకొనుడు. ఆ పూటి శ్రమయే కంచెకు చౌకయైన బలము.