పాత తపాలా బిళ్ళ: ధర ఎక్కడ, విలువ ఎక్కడ?

జీడిమెట్ల పారిశ్రామికవాడకు పోయే దారిలో పాత కాగితాలను తూకానికి కొనే కొట్టు ఒకటి ఉన్నది. మూతపడిన కార్యాలయాల దస్త్రాలు, ఇల్లు మారేవారు వదలిన పుస్తకాలు, పెద్దలు గతించిన తరువాత పెట్టె అడుగున మిగిలిన ఉత్తరాలు అన్నీ అక్కడ ఒకే కాటాకు ఎక్కుతాయి. కొంతకాలం క్రిందట ఆ కొట్టులో మా కంట ఒక ఉత్తరాల కట్ట పడింది. పైనున్న కవరు మీద చార్‌మినారు బొమ్మ గల అణా బిళ్ళ. మా చూపు దాని మీద నిలవడం గమనించిన కొట్టు యజమాని, "నిజాం కాలపు బిళ్ళ సార్, లక్షలు పలుకుతుంది. మీరు గనుక అయిదు వేలకు ఇస్తాను. ఈ కాగితం మీకెందుకు? చింపి బిళ్ళ ఒక్కటే ఇస్తాను," అని కవరు మూల పట్టుకొన్నాడు. మేము చప్పున ఆయన చేయి ఆపవలసి వచ్చింది.

ఆ ఒక్క మాటలో ఆయన రెండుసార్లు పొరబడినాడు. ఆ బిళ్ళ లక్షలు పలికేది కాదు. ఆయన చింపబోయిన కాగితం మాత్రం ఆయన అనుకొన్నంత పనికిమాలినది కాదు. పాత వస్తువులు సేకరించేవారు చేసే తప్పులలో చాలా భాగం ఈ రెండింటిలోనే ఇమిడి ఉన్నవి. అందుచేత మంచి బేరం అంటే ఏమిటో ఈ అణా బిళ్ళను ముందుంచుకొనే విచారింతాము.

పాతదయినంత మాత్రాన ఏ వస్తువూ ప్రియం కాదు. దాని ధరను మూడు సంగతులు నిర్ణయిస్తాయి. అటువంటివి ఎన్ని మిగిలి ఉన్నవి? ఉన్నది ఏ స్థితిలో ఉన్నది? దాన్ని కోరేవారు ఎందరు? ఈ మూడింటిలో వయస్సు లేదన్న సంగతి గమనింపదగినది.

హైదరాబాదు రాజ్యం 1869లో తన మొదటి తపాలా బిళ్ళను వెలువరించింది. అది ఒక అణా బిళ్ళ. 1870లో అర అణా, రెండు అణాల బిళ్ళలు, 1871 నుంచి మరికొన్ని విలువలు వచ్చినవి. ఈ 1871 నాటి నమూనా ఇరవయ్యవ శతాబ్ది మొదటి దశాబ్దం దాకా, అంటే దాదాపు నలుబది ఏండ్లు, వాడుకలో ఉన్నది. 1931లో బొమ్మల వరుస వచ్చింది. చార్‌మినారు, హైకోర్టు, ఉస్మాన్ సాగరు, అజంతా గుహల ద్వారము, బీదరు విద్యాలయము, దౌలతాబాదు విజయస్తంభము ఆ వరుసలోనివి. 1937లో నిజాం రజతోత్సవ సందర్భంలో యునానీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు బొమ్మలతో నాలుగు బిళ్ళలు వచ్చినవి. చివరి కాలంలో ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం మూడు అణాల బిళ్ళ మీదికి, గోలకొండ కోట ఆరు అణాల బిళ్ళ మీదికి ఎక్కినవి. 1950లో ఈ బిళ్ళల చెలామణి ముగిసింది. అదే సంవత్సరం దక్కన్ రేడియో కూడా ఆకాశవాణిలో చేరింది.

చార్‌మినారు అణా బిళ్ళ సామాన్యులు తమ ఉత్తరాలకు అంటించినది. ఏళ్ళ తరబడి మరల మరల అచ్చయినది. ఇంటింటా మిగిలి ఉన్నది. దానికి లక్షలు ఎట్లా వస్తాయి? కాని ఇక్కడే మనకు లాభించే సంగతి ఒకటి ఉన్నది. ఒక రాజ్యపు చరిత్రను, దాని కట్టడాలను, దాని లిపులను ఒక పుటలో అమర్చుకొనడానికి గొప్ప ధనం అక్కరలేదు. 1931 వరుసలోని చిన్న విలువల బిళ్ళలు, రజతోత్సవపు నాలుగు బిళ్ళలు, "సర్కారీ" అని పై అచ్చు వేసి కచేరీలలో వాడిన బిళ్ళలలో సామాన్యమైనవి నేటికీ మధ్యతరగతి గృహస్థునికి అందుబాటులోనే ఉన్నవి. అపురూపమైన దానిని ఒక్కదానిని చినిగినది కొనడం కంటె, సామాన్యమైన వాటిని పదింటిని చక్కనివి ఏరుకొనడం మేలు.

చక్కనిది అంటే ఏది? బిళ్ళను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడవలె. వెనుక కాగితం ఎక్కడైనా లేచిపోయి ఉంటే అక్కడ పలుచనగా కనబడుతుంది. నాలుగు అంచుల పళ్ళు సరిగా ఉన్నవా, బొమ్మ నడిమికి కుదిరినదా, మడతలు, తుప్పురంగు మచ్చలు ఉన్నవా అని చూడవలె. తపాలా ముద్ర బొమ్మను నల్లగా కప్పివేయరాదు. అయితే ఊరి పేరు, తేది స్పష్టంగా పడిన ముద్ర బిళ్ళకు లోపం కాదు, అలంకారమే. నిజాం బిళ్ళలు రాజ్యం లోపలి తపాలాకు మాత్రమే చెల్లేవి. కనుక వాటి మీద పడిన ముద్రలో తెలంగాణంలోనో, మరాఠ్వాడాలోనో, కన్నడ జిల్లాలలోనో ఉన్న ఊరు ఒకటి పలుకుతూ ఉంటుంది. ఆ ముద్రలు చాలావరకు ఉర్దూ లిపిలో ఉంటాయి. ఉర్దూ అంకెలు, అక్షరాలు కొన్ని నేర్చుకొన్నవారికి, తక్కినవారు విడిచిపోయిన బిళ్ళలలో తమ తాతల ఊరు దొరకవచ్చును. అంతకంటె మంచి బేరం ఏమున్నది?

ఇక మోసాల సంగతి. 1869, 1870 నాటి తొలి బిళ్ళలను 1880లో మరల అచ్చు వేసినారు. చూపుకు రెండూ ఒకటే. కాని బిళ్ళ అంచున రెండు సెంటీమీటర్ల నిడివిలో ఎన్ని పళ్ళు ఉన్నవో లెక్కించే కొలబద్ద ఒకటి ఉన్నది. అసలు బిళ్ళలకు ఆ కొలత పదకొండున్నర, పునర్ముద్రణలకు పన్నెండున్నర. ఈ చిన్న కొలబద్ద చేతిలో లేక మేము ఒకసారి పునర్ముద్రణను అసలు ధరకు కొన్నాము. అమ్మినవారిని నిందించి ప్రయోజనం లేదు. ఆ కొలబద్దకు అయ్యే ఖర్చు ఆ నష్టంలో నూరవ వంతు కూడా కాదు. సేకర్త ముందుగా కొనవలసినది బిళ్ళ కాదు. భూతద్దం, పట్టుకారు, కొలబద్ద, ఒక పాత కేటలాగు, ఇవి ముందు కొనవలె.

కేటలాగు విషయంలోనూ ఒక హెచ్చరిక అవసరం. స్టాన్లీ గిబ్బన్స్ వంటి సంస్థల కేటలాగులో అచ్చయిన ధర, మంచి స్థితిలో ఉన్న బిళ్ళకు వర్తకుడు అడిగే ధర. మనం అమ్మబోయినప్పుడు వచ్చే ధర అది కాదు. ఆ అంకెలను కూడి, తమ ఆల్బము ఇంత చేస్తుందని మురిసేవారు తుదకు నిరాశ చెందుతారు. కేటలాగును ధరల కొరకు కాక, ఏది సామాన్యం, ఏది అరుదు అని పోల్చి చూచుకొనడానికి వాడుకోవలె.

అరుదైన వస్తువు ధర ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందని కూడా తలపరాదు. 1856 నాటి బ్రిటిషు గయానా ఒక సెంటు బిళ్ళ లోకంలో ఒక్కటే ఉన్నదని ప్రసిద్ధి. అది 2014లో సుమారు 95 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే బిళ్ళ 2021లో వేలానికి వచ్చినప్పుడు పలికినది సుమారు 83 లక్షలే. ఒక్కటే ఉన్న వస్తువు గతే అది అయితే, వేలకొలది ఉన్న వస్తువు గతి చెప్పనక్కరలేదు.

అమెరికాలో బేస్‌బాల్ ఆటగాండ్ర బొమ్మల కార్డులను సేకరించడం పెద్ద వేడుక. 1952లో అచ్చయిన మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో ఒక కోటి 26 లక్షల డాలర్లు పలికింది. అది అంత ప్రియం ఎందుకయింది? ఆ కాలపు పిల్లలు ఆ కార్డులతో ఆడుకొని పాడుచేసినారు. అమ్ముడుపోని కట్టలను 1960లో సముద్రంలో పారబోయించినామని ఆ కంపెనీ ఉద్యోగి ఒకరు తరువాత చెప్పినారు. ఎవరూ దాచనందువల్లనే అది అరుదయింది. తరువాత 1980ల చివర, ధరలు పెరుగుతాయని ఆశించి జనం కార్డులను పెట్టెలకు పెట్టెలు దాచసాగినారు. కంపెనీలు కుప్పలుగా అచ్చువేసినవి. ఆ కార్డులకు నేడు అడిగేవారు లేరు.

మన దగ్గరా ఇటువంటిదే ఒకటి ఉన్నది. నాగపురంలోని తెలుగు కుటుంబంలో 1895లో పుట్టి, 1932లో భారత జట్టు ఆడిన మొదటి టెస్టుకు నాయకత్వం వహించిన సి. కె. నాయుడు పేర 1996లో భారత తపాలా శాఖ రెండు రూపాయల బిళ్ళ వెలువరించింది. దాన్ని చాలామంది కొని చక్కగా దాచినారు. అందుచేతనే అది నేటికీ స్వల్ప ధరకు దొరుకుతున్నది. ధర పెరుగుతుందని దాచినవారికి అది నష్టమే కావచ్చును. నాయుడుగారి మీది అభిమానంతో కొనేవారికి మాత్రం అది చక్కని బేరం. ఒకే బిళ్ళ ఒకరికి నష్టం, మరొకరికి లాభం అవుతున్నది గదా! కొనేవాని ఉద్దేశంలోనే సగం విలువ ఉన్నది.

మా సొంత తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకొనవలె. చిన్నతనంలో మా తాతగారి పెట్టెలో ఉత్తరాలు నిండుగా ఉండేవి. బిళ్ళల మీది ఆశతో మేము ఆ కవర్లను, కార్డులను ఒక వేసవి మధ్యాహ్నం గంగాళంలో నీళ్ళు పోసి నానబెట్టినాము. బిళ్ళలు ఊడి వచ్చినవి. సిరా కూడా ఊడి వచ్చింది. నీళ్ళు నీలంగా మారినవి. సాయంత్రం మా నాయనమ్మ వచ్చి చూచి మమ్ము ఒక్క మాట కూడా అనలేదు. తడి కాగితాలను ఒక్కొక్కటిగా తీసి దండెం మీద ఆరవేసింది. ఆరిన తరువాత చూస్తే వాటి మీద అక్షరాలు లేవు. ఆ బిళ్ళలు నేటికీ మా ఆల్బములో ఉన్నవి. అన్నీ కలిపి ఒక పూట కూరగాయల ఖరీదు చేయవు. మా తాతగారి చేతివ్రాత మాత్రం మా ఇంట మరెక్కడా లేదు.

తరువాత చాలాకాలానికి మాకు తెలిసివచ్చిన దేమనగా, ఎరిగిన సేకర్తలు కూడా ఊడదీసిన సామాన్యపు బిళ్ళ కంటె, ముద్రతో, చిరునామాతో చెక్కుచెదరని కవరుకే ఎక్కువ మన్నన ఇస్తారు. కవరు మీద ఆ బిళ్ళ ఎక్కడినుంచి ఎక్కడికి, ఎప్పుడు, ఏ వెల చెల్లించి పోయిందో సాక్ష్యం ఉంటుంది. ఊడదీస్తే ఆ సాక్ష్యం పోతుంది. దానిని ఏ ధనం పెట్టినా తిరిగి అంటింపలేము.

కాబట్టి ఇంట పాత ఉత్తరాలు ఉన్నవారు చేయవలసినవి స్వల్పమే. చింపరాదు, కత్తిరించరాదు, నానబెట్టరాదు. అంటుడు టేపు వేయరాదు. భద్రమని తలచి లామినేషను చేయించడం అన్నిటికంటె చెరుపు. వానకాలపు చెమ్మకు వెనుక జిగురు కరిగి బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కొంటాయి గనుక, నున్నని పలుచని కాగితపు సంచులలో విడివిడిగా ఉంచి, గోడకు ఆనని పొడి బీరువాలో నిలువుగా పెట్టవలె. ఉత్తరం ఎవరు ఎవరికి వ్రాసినదో వేరొక చీటీ మీద పెన్సిలుతో వ్రాసి జతచేయవలె. ఆ సంగతి ఎరిగిన పెద్దలు ఉండగానే వారిని అడిగి తెలిసికొనవలె. కొత్తగా కొనదలచినవారు ఆబిడ్సులో ఆదివారపు పాత పుస్తకాల బజారును, అక్కడి పెద్ద తపాలా కచేరీలోని బిళ్ళల విభాగాన్ని చూడవచ్చును.

రేడియో ఉన్న ఇండ్లవారికి మరొక మాట. ఒకప్పుడు రేడియో గల ప్రతి ఇంటివారు తపాలా కచేరీకి పోయి లైసెన్సు రుసుము చెల్లించేవారు. దానికి గుర్తుగా చిన్న పుస్తకంలో ప్రత్యేకమైన బిళ్ళలు అంటించి ముద్ర వేసేవారు. 1980లలో ఆ రుసుము రద్దయింది. ఆ పుస్తకం పనికిరానిదని చాలామంది పారవేసినారు. మీ ఇంట అది మిగిలి ఉంటే, బిళ్ళలను పీకకుండా పుస్తకాన్ని పుస్తకంగానే దాచండి. మీ ఇంట పాట మొదటిసారి వినిపించిన సంవత్సరం అందులో వ్రాసి ఉండవచ్చును.

జీడిమెట్ల కొట్టు యజమానికి మేము అతని బిళ్ళ లక్షలు చేయదని, కట్ట మొత్తం చింపక ఇస్తే కాగితం తూకం కంటె చాలా ఎక్కువ ఇస్తామని చెప్పినాము. తెలియనివాని దగ్గర తెలిసినవాడు కొట్టివేసినది బేరం కాదని మా నమ్మకం. ఆయన కొంతసేపు ఆలోచించి అంగీకరించినాడు. ఇంటికి తెచ్చి పై కవరు విప్పితే, అందులో ఒక తండ్రి పట్నంలో చదువుకొంటున్న కుమారునికి, వానలు పడలేదనీ, ఎద్దు నమ్మి ఫీజు పంపుతున్నాననీ, మనసు పెట్టి చదువుకొమ్మనీ వ్రాసినాడు. అయిదు వేలకు బిళ్ళ ఒక్కటే కొని ఉంటే ఆ ఎద్దు సంగతి కాటా మీద కాగితంగానే పోయేది.