కరువు పనితో లేచిన మెదక్ చర్చి

బద్వేలు: వానలు ముఖం చాటేసిన ఏడు తట్టా పారా పట్టుకొని కరువు పనికి పోవడం ఈ ప్రాంతం వారికి కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువు సంగతులు సీమ పల్లెల్లో ఇంకా కథలుగా చెప్పుకుంటారు. కరువు పని అంటే చెరువు కట్ట, కాలువ, లేదా రోడ్డు. కాని కరువు పనిగా సుమారు 175 అడుగుల గోపురం లేచిన ఊరు ఒకటుంది. అది హైదరాబాదుకు ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని మెదక్ పట్టణం.

పూర్వం విదేశీ మిషన్లు ఎవరి ప్రాంతం వారు పంచుకొని పనిచేసేవి. కడపలో 1822 నుంచి లండన్ మిషన్, కలసపాడు వైపు ఇంగ్లండు చర్చికి చెందిన మిషన్ ఉండేవి. నిజాం రాజ్యంలోని మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టుల వంతు. సికిందరాబాదులో ఇంగ్లీషు సిపాయిల నడుమ పనిచేసిన చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే దొర 1890ల చివర మెదక్ చేరారు. అప్పటికది చిన్న ఊరు. పాత కోట తప్ప చెప్పుకోదగినదేమీ లేదు. మిషన్ ఆవరణలో బడి, ఆసుపత్రి, ఉపదేశకులకు శిక్షణ ఇచ్చే పాఠశాల వెలిశాయి.

చర్చి పని 1914లో మొదలైంది. అదే ఏడు యూరపులో యుద్ధం వచ్చిపడింది. 1918లో దేశమంతటా వానలు తప్పాయి. దానికి తోడు విషజ్వరం. పల్లెల్లో గింజ లేదు, పని లేదు. పాస్నెట్ దొర ఊరికే పంచిపెట్టడం కంటే పని ఇచ్చి తిండి పెట్టడం మేలనుకున్నారు. బండలు కొట్టేవారు, మట్టి మోసేవారు, సున్నం కలిపేవారు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చారు. పని పదేళ్లు సాగింది. కట్టించేవారికి అది ఆలస్యమే, కూలికి మాత్రం ఎంత సాగితే అంత మేలు.

ఆకలితో ఉన్నవారి మధ్య ఇంత పెద్ద కట్టడం ఎందుకు, తిండి ఆశ చూపి మతంలో కలుపుకోవడం కాదా అన్న విమర్శ ఇలాంటి మిషన్ల మీద ఎప్పుడూ ఉన్నదే. ప్రశ్న తోసివేయదగినది కాదు. అయితే ఆ పదేళ్లలో ఆ రాళ్లు మోసినవారికి పొయ్యి మీద కుండ ఎక్కిందన్నదీ అంతే నిజం.

1924 డిసెంబరు 25న, క్రిస్మసు నాడు, చర్చిని ప్రతిష్ఠించారు. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు. సుమారు 5 వేల మంది కూర్చోవచ్చునంటారు. స్తంభాలకు నున్నగా చెక్కిన బూడిదరంగు రాయి వాడారు. నేలమీది రంగుల పలకలు మాత్రం బ్రిటన్ నుంచి ఓడలో వచ్చాయి. వాటిని పరచడానికి ఇటలీ మేస్త్రీలు వచ్చారని చెబుతారు.

చూడవలసినవి రంగుటద్దాల కిటికీలు. వీటిని గీసింది లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఆయనా మెథడిస్టే. క్రీస్తు ఆరోహణ కిటికీని 1927లో, జననం కిటికీని 1947లో, సిలువ కిటికీని 1958లో అమర్చారు. అంటే చర్చి ప్రతిష్ఠ అయ్యాక, అద్దాల పని ముగియడానికి మరో 34 ఏళ్లు పట్టింది. ఈలోగా నిజాం రాజ్యమూ పోయింది, ఇంగ్లీషు పాలనా పోయింది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో మెథడిస్టులు, ఆంగ్లికన్లు, లండన్ మిషన్ సంఘాలు చేరిన ఐక్య సంఘం కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. అదే సి.ఎస్.ఐ. మెదక్ చర్చి ఆ డయోసిస్‌కు కెథడ్రల్ అయింది. కడప లండన్ మిషన్ సంఘాలు కూడా అదే సి.ఎస్.ఐ.లో రాయలసీమ డయోసిస్ కింద ఉన్నాయి. పేరుకు వేరు మిషన్లయినా ఇప్పుడు రెండుచోట్లా ఒకే సంఘం.

2024 క్రిస్మసుకు చర్చికి నూరేళ్లు నిండాయి. పండుగ నాడు క్రైస్తవులే కాక అన్ని మతాలవారూ వేలాదిగా వస్తారు. సీమ నుంచి పోదలచినవారు పగటిపూటే చేరుకోవడం మంచిది. కిటికీల బొమ్మలకు వెలుతురు బయటి ఎండ నుంచే రావాలి. పొద్దు గూకితే లోపలినుంచి నల్లటి అద్దాలే కనిపిస్తాయి.