భూస్వామి ఆట: ఎలిజబెత్ మగీ జీవితం

ఆటలు కేవలం కాలక్షేపానికే అని పలువురి అభిప్రాయం. కాని మన పెద్దలు వైకుంఠపాళి పటంపై నిచ్చెనలతో పుణ్యాన్ని, పాములతో పాపాన్ని బోధించినారు. ఆ పటాన్ని మొదట గీచినవారెవరో నేడు నిశ్చయంగా చెప్పలేము. ఆధునిక కాలంలో ఆర్థికశాస్త్ర పాఠాన్ని ఇట్లే పటంపై ఆటగా మలచిన ఒక వనిత పేరు కూడా దాదాపు మరుగున పడినది. ఆమె ఎలిజబెత్ మగీ. నేడు మన ఇండ్లలో పిల్లలు ఆడే 'బిజినెస్' ఆటకు మూలరూపం ఆమె సృష్టియే.

ఆమె 1866లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించినది. తండ్రి పత్రికా నిర్వాహకుడు, బానిసత్వ విరోధి. ఆమె వాషింగ్టన్‌లో షార్ట్‌హ్యాండ్ లేఖకురాలిగా పనిచేసినది. 1893లో టైపురైటరుకు సంబంధించిన ఒక సాధనానికి పేటెంటు పొందినది. తండ్రి ద్వారా పరిచయమైన హెన్రీ జార్జి సిద్ధాంతం ఆమె జీవితానికి మార్గదర్శకమైనది.

ఆ సిద్ధాంతాన్ని గ్రహించుటకు మన పటాన్‌చెరు ప్రాంతమే చక్కని ఉదాహరణ. రామచంద్రపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వెలసినది, 1972లో ఇక్రిశాట్ స్థాపితమైనది, పారిశ్రామికవాడ విస్తరించినది. రహదారిని ప్రజాధనంతో వేసినారు, యంత్రాలను కార్మికులు నడిపినారు. నేల మాత్రం కదలక మెదలక ధర పెంచుకున్నది. ఆ పెరుగుదల భూమి ఎవరి పేర నున్నదో వారికి దక్కినది. ఇంటి అద్దె రూపంలో కార్మికుని జీతం నుండి కొంత తిరిగి అక్కడికే చేరినది. సమాజం సృష్టించిన ఈ విలువ పన్ను రూపంలో సమాజానికే చెందవలెనని జార్జి వాదన.

దీనిని బోధించుటకు మగీ 'భూస్వామి ఆట'ను కల్పించి, 1904 జనవరి 5న పేటెంటు పొందినది. చుట్టూ తిరిగే బాట, ధర, అద్దె గల స్థలాలు, రైల్వేలు, ఒక మూల జైలు, ప్రతి చుట్టుకూ కూలి అందులో ఉన్నవి. ఆటకు ఆమె రెండు విధాల నియమాలు ఏర్పరచినది. ఒక విధంలో ఒకడే సర్వం కబళించి, తక్కినవారు దివాలా తీయుదురు. రెండవ విధంలో భూమి అద్దె ఉమ్మడి నిధికి చేరి, అందరూ బాగుపడుదురు. రెండూ ఆడినవారు తామే తీర్పు చెప్పుకొందురని ఆమె ఆశయం.

ఆట చేతి నకళ్లుగా కళాశాలలలో, మిత్రబృందాలలో వ్యాపించి, ఆడినవారి చేతులలో మార్పులు పొందినది. మిత్రుల వద్ద దానిని నేర్చిన చార్లెస్ డారో 1935లో 'మోనోపలీ' పేరుతో పార్కర్ బ్రదర్స్ సంస్థకు విక్రయించి సంపన్నుడైనాడు. ఆ సంస్థ మగీ 1924లో పొందిన రెండవ పేటెంటును 500 డాలర్లకు కొన్నది. అమ్మకాలపై ఆమెకు వాటా లేదు. ఉమ్మడి నిధి నియమాలు తొలగి, కబళించే నియమాలే లోకమెల్ల నిలిచినవి. ఆమె 1948లో మరణించినది. 1970లలో రాల్ఫ్ ఆన్‌స్పాక్ అను ఆర్థికశాస్త్ర ఆచార్యుడు తన 'యాంటీ-మోనోపలీ' ఆటపై వచ్చిన వ్యాజ్యంలో పాత పేటెంట్లను వెలికితీయగా ఆమె చరిత్ర బయటపడినది.

భూమి విషయంలో ఆమె ఏ అన్యాయాన్ని చూపదలచినదో, ఆమె ఆటకూ అదే సంభవించినది: పలువురి శ్రమతో పెరిగిన విలువ ఒకరి ఖాతాకు చేరినది. విద్యార్థి మిత్రులారా! పటం ముందు కూర్చున్నపుడైనా, పారిశ్రామికవాడలో ఉద్యోగంలో చేరినపుడైనా, ఈ విలువను సృష్టించినదెవరు, అనుభవించుచున్నదెవరు అను ప్రశ్నను మరువకుందురు గాక.