లింకిన్ పార్క్‌లో ఏ ఆల్బమ్ బెస్ట్? ముందు ఈ మూడు ప్రశ్నలు తేల్చుకోండి

‘మీటియోరాతోనే లింకిన్ పార్క్ పనైపోయింది’ అంటాడొకడు. ‘నీకసలు ఎ థౌజండ్ సన్స్ అర్థమే కాలేదు’ అని ఇంకొకడు లేస్తాడు. మూడోవాడు ఫోన్ తీసి అమ్మకాల లెక్కలు చదవడం మొదలుపెడతాడు. పక్క మంచం మీద పడుకున్నవాడు ‘ఆ చివర్లో చేసినవన్నీ పాప్ పాటలేరా’ అని ఒక మాట విసిరి దుప్పటి కప్పుకొంటాడు. ఇక చూడండి, అర్ధరాత్రి దాటినా ఆ గదిలో లైటు ఆరదు.

రాక్ వినేవాళ్లు నలుగురు చేరిన చోట ఇలాంటి గొడవ మీరూ చూసే ఉంటారు. మనకిదేం కొత్త కాదు. వేటూరి గొప్పా, సిరివెన్నెల గొప్పా అని మన ఇళ్లలో ఎన్ని సాయంత్రాలు గడిచిపోలేదు! చిక్కేంటంటే, ఈ వాదనల్లో ఎవరి మాటా ఎవరికీ ఎక్కదు. అందరూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నామనుకుంటారు గానీ, ఒకరు సౌండ్ గురించి మాట్లాడుతుంటారు, ఇంకొకరు మాటల గురించి. మరొకరు తమ పదిహేడో ఏడు గురించి!

కాబట్టి ఈసారి గొడవలోకి దిగేముందు మూడు ప్రశ్నలు విడదీసి చూడండి. ఆ ఆల్బమ్ ఏం చేయాలనుకుంది? ఆ మాటలు ఎవరితో మాట్లాడుతున్నాయి? దాన్ని నేను ఎప్పుడు విన్నాను? ఎనిమిది స్టూడియో ఆల్బమ్‌ల లింకిన్ పార్క్ ఇందుకు మంచి ఉదాహరణ. ఎందుకంటే ఈ బ్యాండ్ ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు.

ఆల్బమ్ ఏం చేయాలనుకుంది?

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టిన బ్యాండ్ ఇది. మొదటి పేరు జీరో, తర్వాత హైబ్రిడ్ థియరీ, చివరికి లింకిన్ పార్క్. మైక్ షినోడా ర్యాప్, చెస్టర్ బెన్నింగ్టన్ గొంతు, బరువైన గిటార్లు, జో హాన్ టర్న్‌టేబుల్స్... ఇవన్నీ కలిపి 2000 అక్టోబరులో ‘హైబ్రిడ్ థియరీ’ వచ్చింది. మొత్తం పన్నెండు పాటలు, నలభై నిమిషాలు కూడా ఉండదు. 2001లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్ అదే. అందులోని ‘క్రాలింగ్’కు గ్రామీ కూడా వచ్చింది. 2003లో వచ్చిన ‘మీటియోరా’ అదే దారిలో ఇంకాస్త నునుపుదేలింది. రెండిటికీ నిర్మాత ఒక్కరే, డాన్ గిల్మోర్.

గొడవ మొదలయ్యేది ఇక్కడి నుంచే. గెలిచిన ఫార్ములాను పట్టుకుని మూడోది కూడా అలాగే చేసి ఉంటే అడిగేవాళ్లు లేరు. వాళ్లు మాత్రం రిక్ రూబిన్‌ను నిర్మాతగా తెచ్చుకున్నారు. 2007లో ‘మినిట్స్ టు మిడ్‌నైట్’ వచ్చేసరికి షినోడా ర్యాప్ రెండు పాటలకే పరిమితమైంది. మునుపు పెద్దగా లేని గిటార్ సోలోలు వచ్చాయి. ‘మా బ్యాండ్ ఏమైపోయింది?’ అని పాత అభిమానులు గోల పెట్టారు.

అసలు దెబ్బ 2010లో పడింది. ‘ఎ థౌజండ్ సన్స్’లో గిటార్లు వెనక్కి వెళ్లాయి. సింథసైజర్లు, డప్పుల్లా మోగే తాళాలు, పాటల మధ్య చిన్న చిన్న శబ్దఖండాలు ముందుకొచ్చాయి. అణుయుద్ధ భయం ఆల్బమ్ అంతా పాకి ఉంటుంది. ఇక్కడ మనకో ఆసక్తికరమైన సంగతి ఉంది. ఆ పేరు మూలం భగవద్గీతలో ఉంది. విశ్వరూపపు తేజస్సును ఆకాశంలో ఒక్కసారిగా ఉదయించిన వేయి సూర్యులతో పోల్చే శ్లోకం పదకొండో అధ్యాయంలో వస్తుంది. అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త ఒపెన్‌హైమర్ సంస్కృతం నేర్చుకుని గీత చదివినవాడు. గీతను తలచుకుంటూ ఆయన మాట్లాడిన రికార్డింగ్‌ను బ్యాండ్ ఈ ఆల్బమ్‌లో వాడుకుంది. మార్టిన్ లూథర్ కింగ్ గొంతు కూడా వినిపిస్తుంది. ఆ గొంతు మెల్లమెల్లగా యంత్రం గొంతులా మారిపోతుంది.

ఇప్పుడు చెప్పండి. తలకిందులయ్యే ప్రపంచాన్ని ఒకే పెద్ద ముక్కగా వినిపించాలనుకున్న ఆల్బమ్‌ను ‘మీటియోరాలా కేకలు లేవు’ అని కొట్టిపారేస్తే న్యాయమేనా? పెసరట్టు తింటూ ఇది ఇడ్లీలా మెత్తగా లేదని అన్నట్టు ఉంటుంది. అలాగని ప్రయోగం చేసినంత మాత్రాన గొప్పదైపోదు కూడా. మధ్యలో వచ్చే ఆ శబ్దఖండాలు పాటలను కలుపుతున్నాయా, ఊపును తెంపేస్తున్నాయా అన్నది గట్టిగా వాదించదగ్గ ప్రశ్న. కానీ ఆ వాదన దాని లక్ష్యంతో పోల్చి జరగాలి, పాత ఆల్బమ్ సౌండ్‌తో కాదు.

తర్వాతివి కూడా ఇలా వరుసలో చూస్తే ఒక తీరు కనబడుతుంది. 2012 ‘లివింగ్ థింగ్స్’ పాతనూ కొత్తనూ కలిపే ప్రయత్నం. 2014 ‘ది హంటింగ్ పార్టీ’ మళ్లీ గిటార్లను విరగబాదింది. 2017 ‘వన్ మోర్ లైట్’ పూర్తిగా ఆ చివరికి వెళ్లి మెత్తటి పాప్‌లో వాలింది. ప్రతి ఆల్బమూ ముందుదానికి ఎదురుచెప్పినట్టే ఉంటుంది.

మాటలు ఎవరితో మాట్లాడుతున్నాయి?

లింకిన్ పార్క్ లిరిక్స్ మీద పాత ఫిర్యాదు ఒకటుంది. అన్నీ ‘నేను’, ‘నువ్వు’, ‘లోపల’, ‘నొప్పి’ చుట్టూనే తిరుగుతాయని. ఊరి పేరుండదు, మనిషి పేరుండదు, కథ ఉండదు. కోపం ఎవరి మీదో తెలియదు. మంచి లిరిక్ అంటే ఒక వీధిని, ఒక ముఖాన్ని కళ్లకు కట్టాలి కదా అంటారు విమర్శకులు. ఆ మాటలో నిజముంది.

అభిమానుల జవాబులోనూ నిజముంది. ఆ ఖాళీయే తలుపు అంటారు వాళ్లు. ‘నువ్వు’ ఎవరో చెప్పలేదు కాబట్టే ఒకరికి అక్కడ నాన్న కనిపిస్తాడు, ఒకరికి ప్రేమించిన అమ్మాయి, ఒకరికి తనే. ‘నంబ్’నే తీసుకోండి. ఎదుటివాళ్ల అంచనాల బరువు మోయలేక మొద్దుబారిపోయిన మనసు గురించిన పాట. ర్యాంకుల కోసం తెల్లవారుజామున లేచి రివిజన్‌లో కూర్చున్న కుర్రాడికి ఆ పాట ఎవరూ వివరించక్కర్లేదు. అందులో ఉన్నది కష్టమైన ఇంగ్లిష్ కూడా కాదు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడికి కూడా రెండోసారి వినేసరికి మాటలు అందుతాయి. మొదటి రెండు ఆల్బమ్‌లలో ఒక్క బూతు మాట కూడా ఉండదు. అంత కోపాన్ని అంత మామూలు మాటల్లో చెప్పడం చేతకానితనమా, నేర్పా? దీని మీద వాదించండి, బాగుంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాడినవాడి జీవితాన్ని లిరిక్ మీద అచ్చుగుద్దేయడం మనకు అలవాటు. చెస్టర్ చిన్నప్పుడు లైంగిక వేధింపులకు గురయ్యాడు, మత్తు వ్యసనంతో పోరాడాడు. ఇవన్నీ ఆయనే బయటికి చెప్పుకున్న విషయాలు. దాంతో ‘బ్రేకింగ్ ద హ్యాబిట్’ వినగానే ‘ఇది చెస్టర్ సొంత కథ’ అని చాలామంది తేల్చేస్తారు. కానీ ఆ పాట రాసింది మైక్ షినోడా. అలాగని చెస్టర్ గొంతులోని బరువు అబద్ధం కాదు. రాసినవాడు ఒకడు, మోసినవాడు ఇంకొకడు. మన సినిమా పాటలు వినే మనకు ఇది చెప్పాలా? కవి ఒకరు, గాయకుడు ఒకరు, తెర మీద పెదవులు కదిపేది మరొకరు. అయినా కన్నీళ్లు మనవే.

నేను ఎప్పుడు విన్నాను?

నిజాయతీగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇదే. మీకు ‘హైబ్రిడ్ థియరీ’ అన్నిటికంటే గొప్పగా అనిపిస్తోంది. అది గొప్పదైనందుకా, ఇంటర్ హాస్టల్లో మొదటిసారి ఇయర్‌ఫోన్స్ పంచుకుని విన్నది అదైనందుకా? రెండూ కావచ్చు. తప్పేం లేదు. కానీ ‘నాకు ప్రాణం’ అన్నదానికీ ‘ఇది గొప్పది’ అన్నదానికీ తేడా ఉంది. మొదటిదానికి రుజువు అక్కర్లేదు. రెండోదానికి కావాలి.

సొంతవాళ్ల అంచనాలే ఎంతగా తప్పుతాయో చూడండి. లింకిన్ పార్క్ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే పాట ‘ఇన్ ది ఎండ్’. ఆ పాట తనకు మొదట్లో పెద్దగా నచ్చలేదని, ఆల్బమ్‌లో ఉండొద్దనుకున్నానని చెస్టరే తర్వాత చెప్పాడు. పాడినవాడికే అలా అనిపిస్తే మన మొదటి అభిప్రాయం ఎంత? ఇంకో ఉదాహరణ ‘లాస్ట్’. ‘మీటియోరా’ కోసం రికార్డు చేసి పక్కన పెట్టేసిన పాట అది. ఇరవై ఏళ్ల తర్వాత, 2023లో బయటికొచ్చింది. అప్పటిదాకా దాని పేరే వినని కుర్రాళ్లకు సైతం అభిమాన గీతమైపోయింది.

2017లో ఏం జరిగింది?

ఆ ఏడాది మే 19న ‘వన్ మోర్ లైట్’ విడుదలైంది. అప్పటికే ‘హెవీ’ పాట బయటికొచ్చి తిట్లు తింటోంది. ‘అమ్ముడుపోయారు’ అన్నది అందరి నోటా నలిగిన మాట. ఇంకా ఎన్నాళ్లు హైబ్రిడ్ థియరీ దగ్గరే ఉండిపోతారన్న ధోరణిలో చెస్టర్ కూడా ఇంటర్వ్యూల్లో కస్సుమన్నాడు. రెండు నెలలు గడిచాయి. జులై 20న చెస్టర్ ప్రాణం తీసుకున్నాడు. వయసు 41.

రివ్యూలు, తిట్లు దానికి కారణమని ఎవరూ అనకూడదు. అలాంటి చావుకు ఒక్క కారణం వెతకడమే తప్పు. కానీ ఆ తర్వాత ఆ ఆల్బమ్ వినే తీరు మారిపోయింది. తల నిండా మోయలేని బరువుందని చెప్పే ‘హెవీ’ని ‘చప్పటి పాప్’ అన్నవాళ్లే మళ్లీ పెట్టుకుని విన్నారు. చప్పగా ఉందన్నది ట్యూన్ గురించి. ఆ ట్యూన్ కింద మాటలు ఏం చెబుతున్నాయో పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఇక ‘వన్ మోర్ లైట్’ అన్న పాట సంగతి వింటే మనసు చివుక్కుమంటుంది. క్యాన్సర్‌తో చనిపోయిన రికార్డింగ్ కంపెనీ స్నేహితురాలి కోసం రాసిన పాట అది. ఆల్బమ్ వచ్చిన వారంలోనే చెస్టర్ ఆప్తమిత్రుడు, సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కోర్నెల్ మరణించాడు. ఒక టీవీ షోలో చెస్టర్ ఆ పాటను అతనికి అంకితమిచ్చి పాడాడు. జులై తర్వాత అభిమానులు అదే పాటను చెస్టర్ కోసం పాడుకున్నారు. మూడు నెలల్లో ఒకే పాట మూడు చావులకు కన్నీరైంది. అందులో ఒక్క అక్షరం మారలేదు.

ఆల్బమ్ గొప్పదైపోయిందని కాదు దీనర్థం. విషాదం సంగీతానికి మార్కులు కలపదు. ఇప్పటికీ మీకు అది బలహీనమైన ఆల్బమ్ అనిపిస్తే ధైర్యంగా చెప్పండి. కాకపోతే ‘ఈ పాట నాకు నచ్చలేదు’ అనడం వేరు, ‘వీడు అమ్ముడుపోయాడు’ అనడం వేరు. మొదటిది పాట గురించి, రెండోది మనిషి గురించి. ఆ గీత దాటకుండా ఎంతసేపు కొట్లాడుకున్నా ఫర్లేదు.

ఇప్పుడు మీ వంతు

ఈ గొడవకు 2024లో కొత్త అధ్యాయం మొదలైంది. డెడ్ సారా బ్యాండ్ గాయని ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి లింకిన్ పార్క్ తిరిగొచ్చింది. నవంబరులో ‘ఫ్రమ్ జీరో’ విడుదలైంది. మొదటి పేరును గుర్తుచేసే టైటిలే పెట్టుకున్నారు. చెస్టర్ లేకుండా ఆ పేరు వాడొచ్చా? పాత పాటలు ఆమె పాడొచ్చా? మళ్లీ రెండు జట్లు. ఇక్కడా మన మూడు ప్రశ్నలు పనికొస్తాయి. ఆమె చెస్టర్‌లా పాడుతోందా అని కాకుండా, ఈ కొత్త జంట గొంతులు ఏం చేయాలనుకుంటున్నాయి అని వినండి. అప్పుడు నచ్చకపోయినా, ఎందుకు నచ్చలేదో చెప్పగలుగుతారు.

‘ఎందుకో’ చెప్పగలగడమే అసలు విద్య. క్యాంపస్ సెలక్షన్లలో గ్రూప్ డిస్కషన్‌కు కూర్చోబెట్టి చూసేది కూడా దాదాపు ఇదే. అభిప్రాయం, ఆధారం వేరుచేస్తున్నారా? ఎదుటివాడి మాటను సరిగ్గా పట్టుకుని జవాబిస్తున్నారా? దానికి వేరే కోచింగ్ అక్కర్లేదు. ఈ వారాంతం నలుగురూ కూర్చోండి. ఎవరికి ఏ ఆల్బమ్ అస్సలు నచ్చదో, దాన్నే సమర్థిస్తూ అయిదు నిమిషాలు మాట్లాడాలన్నది రూలు. కనీసం రెండు పాటలు పేరుపెట్టి చూపించాలి. ‘అంతే, నాకు నచ్చలేదు’ అంటే అవుట్.

చివరిగా ఒక మాట. మీ రూమ్మేట్ వారం నుంచి ఒకే పాట పదేపదే పెట్టుకుంటున్నాడా? అది ఏ ఆల్బమ్‌లోదో, దానికి ఎన్ని మార్కులేయొచ్చో ఆ పూటకు పక్కన పెట్టండి. ‘ఎలా ఉన్నావురా?’ అని అడగండి. జవాబు చెప్పేదాకా పక్కనే కూర్చోండి. మాట్లాడటానికి మీరు చాలరనిపిస్తే, కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు. బెస్ట్ ఆల్బమ్ ఏదో రేపు తేల్చుకోవచ్చు.