గుంటూరులో చిక్కిన సూర్యుడి గుట్టు

1868 ఆగస్టు 18. ఉదయం తొమ్మిది గంటల వేళ. పడమటి నుంచి దూసుకొచ్చిన చంద్రుడి నీడ గుంటూరును కమ్మేసింది. నిమిషం తిరక్కుండా మంగళగిరినీ ముంచేసి, బందరు మీదుగా సముద్రంలోకి సాగిపోయింది. పానకాలస్వామి కొండ, పదకొండు అంతస్తుల గాలిగోపురం, చుట్టూ చేలు... అన్నీ పట్టపగలే చీకట్లో కలిసిపోయాయి.

ఆ ఐదారు నిమిషాల చీకటి కోసమే కొందరు సముద్రాలు దాటి వచ్చారు. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు చేరి, అక్కడి ఓ ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో మకాం పెట్టాడు. మేజర్ టెనంట్ నాయకత్వంలో బ్రిటిష్ బృందమూ గుంటూరులోనే దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ బందరు వెళ్లాడు.

వాళ్లంతా వెంట తెచ్చుకున్న ముఖ్యమైన పరికరం స్పెక్ట్రోస్కోపు. వెలుగును ఇంద్రధనుస్సులా రంగులుగా విడదీస్తుందది. వేడెక్కిన ఒక్కో వాయువుకీ ఆ రంగుల్లో తనవైన గీతలుంటాయి. అంచు చూసి ఇది మంగళగిరి నేత అని చెప్పేసినట్టు, గీతలు చూసి ఇది హైడ్రోజన్, ఇది సోడియం అని చెప్పొచ్చన్నమాట. గ్రహణ సమయంలో సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలలు దేనితో తయారయ్యాయో తేల్చడమే వాళ్ల పని.

సూర్యుడు పూర్తిగా మూసుకోగానే జ్వాలల నుంచి మెరిసే గీతలు కనిపించాయి. అవి ప్రధానంగా హైడ్రోజన్‌వి. అవెంత కాంతిమంతంగా ఉన్నాయంటే, వీటిని చూడ్డానికి గ్రహణం ఎందుకన్న ఆలోచన వచ్చింది జాన్సెన్‌కి. మర్నాడు పొద్దున్నే మామూలు ఎండలో సూర్యుడి అంచుకు పరికరం గురిపెట్టాడు. గీతలు కనిపించాయి! తర్వాత పదిహేడు రోజులూ ఆయనకు రోజూ గ్రహణమే.

ఆ సంగతి రాసిన ఉత్తరం ఓడలెక్కి పారిస్ చేరేసరికి అక్టోబరు 26. సరిగ్గా అదే రోజు ఇంగ్లండు నుంచి నార్మన్ లాకయర్ ఉత్తరమూ అక్కడ అందింది. గ్రహణం ఊసే లేకుండా ఆయన సొంతంగా అదే పద్ధతి కనిపెట్టాడు. ఎవరికివ్వాలి ఘనత? ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన వేసి పతకం చేయించింది. ఇంత పెద్దమనసు శాస్త్రవేత్తల తగవుల్లో అరుదు.

ఇంతకీ అసలు చిక్కు ఆ గీతల్లోని ఒక పసుపు గీతతో వచ్చింది. సోడియం గీత అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి, ఇదీ అదేననుకున్నారు చాలామంది. బందరులో పోగ్సన్‌కి మాత్రం అనుమానం వచ్చింది. ఆ మాట పెద్దగా ప్రచారంలోకి రాలేదు. అది భూమ్మీద ఎరగని కొత్త మూలకమని ధైర్యం చేసింది లాకయరే. గ్రీకుల సూర్యుడు హీలియోస్ పేరు మీద దానికి హీలియం అని పేరొచ్చింది. కాబట్టి ‘హీలియం పుట్టిల్లు గుంటూరు’ అని మనం గర్వంగా చెప్పుకునే మాటలో సగమే నిజం. గీత కనిపించింది ఇక్కడ, పేరు పెట్టింది అక్కడ. బందరుకీ కాస్త వాటా ఇవ్వాలి! ఎగతాళి చేసినవాళ్ల నోళ్లు మూతపడింది మాత్రం 1895లో. లండన్‌లో విలియం రామ్సే ఓ యురేనియం ఖనిజం నుంచి ఆ వాయువును బయటికి తీశాడు.

సూర్యుడిలో హీలియం ఎందుకుంది? అదే అసలు గుట్టు. సూర్యుడు బొగ్గులా మండితే కొన్ని వేల ఏళ్లలో చల్లారిపోవాలి. తన బరువుకు తానే కుంచించుకుపోతూ వేడెక్కుతున్నాడనుకుంటే, కెల్విన్ లెక్క ప్రకారం కొన్ని కోట్ల ఏళ్లు. కానీ భూమి వయసే 450 కోట్ల ఏళ్లు దాటింది. లెక్క ఎక్కడా కుదరలేదు.

కుదిర్చింది 1905లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం. పదార్థమూ శక్తీ ఒక్కటే అంటుందది. ఒక్క గ్రాము పదార్థం పూర్తిగా శక్తిగా మారితే రెండున్నర కోట్ల యూనిట్ల కరెంటుతో సమానం. సూర్యుడి గర్భంలో కోటిన్నర డిగ్రీల వేడిలో నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి ఒక హీలియం కేంద్రకమవుతాయి. వంద కిలోల హైడ్రోజన్‌కి 99 కిలోల 300 గ్రాముల హీలియమే తేలుతుంది. ఆ తగ్గిన 700 గ్రాములే ఎండ! అలా సూర్యుడు సెకనుకు దాదాపు 40 లక్షల టన్నులు చిక్కిపోతున్నాడు. ఈ వంట ఎలా జరుగుతుందో 1939లో హాన్స్ బెథె వివరించాడు.

అంటే హీలియం సూర్యుడి పొయ్యిలో బూడిద. ఏ పొయ్యికైనా కట్టెలు అయిపోతాయిగా! మరో 500 కోట్ల ఏళ్లకు నడిబొడ్డులో హైడ్రోజన్ నిండుకుంటుంది. అప్పుడు సూర్యుడు ఉబ్బి ఎర్రటి మహాతారగా మారి, బుధ శుక్ర గ్రహాల్ని మింగేస్తాడు. ఆ బూడిదే మళ్లీ కట్టె అవుతుంది... హీలియం మండి కర్బనమవుతుంది. చివరికి పైపొరలు రాలిపోయి, భూమంత పరిమాణంలో తెల్లటి మరుగుజ్జు నక్షత్రం మిగులుతుంది. అలాంటి మరుగుజ్జు బరువు మన సూర్యుడికి 1.4 రెట్లు మించి నిలవదని లెక్కగట్టింది మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖరే. సూర్యుడికి ఎనిమిది రెట్లు దాటిన నక్షత్రాలు చాలావరకు ఇంత నిమ్మళంగా పోవు. బద్దలై న్యూట్రాన్ తారగానో, వెలుగు కూడా బయటపడలేని కృష్ణబిలంగానో మిగులుతాయి.

జాన్సెన్ కోరిక, అంటే గ్రహణం కోసం ఆగకుండా సూర్యుణ్ని గమనించడం, ఇప్పుడు మన గడ్డ నుంచే కొనసాగుతోంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన కక్ష్యలో కుదురుకుంది. అందులోని ప్రధాన పరికరం సూర్యబింబానికి తానే అడ్డుపడి కృత్రిమ గ్రహణం పట్టిస్తుంది. దాన్ని తయారుచేసింది బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ. నూట యాభై ఏళ్ల కిందట పోగ్సన్‌ను బందరు పంపిన మద్రాసు అబ్జర్వేటరీకి వారసురాలు ఆ సంస్థే.